రేవు న్యాయ సలహాదారు ఎవరి సేవకుడు?

తిన్న యింటి వాసములు లెక్కించువానిని లోకము నిందించును. ఉప్పు తిన్నచోట విశ్వాసముగా నుండవలెనని పసిపిల్లలకు సైతము పెద్దలు బోధింతురు. ఈ నీతి మంచిదే. కాని విశ్వాసమనగా యజమాని కోరినదెల్ల సాధించి పెట్టుటయా, లేక యజమాని చేత అధర్మము జరుగకుండ కాచుటయా అని అడిగినచో సామెత బదులు చెప్పదు. ఈ సందేహము ప్రతి ఉద్యోగికిని ఏదో యొకనాడు కలుగును. ప్రభుత్వపు ఓడరేవులో జీతము పుచ్చుకొని న్యాయసలహా నిచ్చు సీనియర్ లా ఆఫీసరునకు మాత్రము ఇంచుమించు ప్రతి ఫైలుతోను కలుగుచుండును.

ఓడరేవు అనగానే సామాన్యులకు ఓడలు, క్రేనులు, బొగ్గు గుట్టలు కన్నులయెదుట నిలుచును. వాని వెనుక కౌలు పత్రములు, కాంట్రాక్టులు, మధ్యవర్తుల తీర్పులు, పింఛను తగవులు, రేవులో గాయపడిన కూలీల పరిహారపు అర్జీలు గుట్టలుగా పడియుండును. ఇవన్నియు తుదకు చేరునది ఈ అధికారి బల్లమీదికే. ఇతడు కోర్టులో నిలిచి వాదించువాడు కాడు. బార్ కౌన్సిల్ నియమములలో 49వ దాని ననుసరించి పూర్తికాలపు జీతగాడు న్యాయవాద వృత్తి చేయరాదు. వాదించుటకు బయటి వకీలు వచ్చును. కాని అసలు వ్యాజ్యము నడపవలెనా, రాజీపడవలెనా, ఏ వాదమును ముందు పెట్టవలెను అను సంగతులను తేల్చు నోటు ఇతని కలమునుండియే వెడలును.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. బయటి వకీలునకు తెలిసినది రేవువారు చెప్పినంత మాత్రమే. ఎదుటివాని మాట నిజమో కాదో తనకు తెలియదని అతడు మనసును సమాధానపరచుకొనవచ్చును. లోపలి అధికారికి ఆ సౌకర్యము లేదు. షెడ్డు రిజిస్టరు, సరకు లెక్కల చీటీలు, క్రింది గుమాస్తా వ్రాసిన నోటు అన్నియు అతని చేతిలోనే ఉండును. ఎదుటివాడు అడుగునది న్యాయమైన సొమ్మేనని తెలిసిన పిమ్మట, ఆ తెలివిని ఏమి చేయవలెను?

చట్టము అతనికి ఒక కవచము నిచ్చియుండెను. 2021 దాక అమలులో నుండిన 1963 నాటి మేజర్ పోర్టు ట్రస్టుల చట్టములోని 120వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింద జరిగిన పనిని గూర్చి ట్రస్టు బోర్డుపై దావా వేయదలచినవాడు ఒక నెల ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు నీయవలసియుండెను. కారణము పుట్టిన ఆరు నెలలు దాటినచో దావాయే చెల్లకుండెను. ఊరి బాకీకి మూడేండ్ల గడువుండగా రేవు బాకీకి ఆరు నెలలే యుండెను! ఏడవ నెలలో వచ్చినవానికి ఎంత న్యాయమున్నను, 'గడువు దాటినది' అను ఒక్క వాక్యముతో ఫైలు మూసివేయుటకు వీలుండెను.

ఇట్టి వాక్యమే మదరాసు రేవు విషయమున ఢిల్లీ దాక పోయినది. రుసుముల క్రింద తాను చెల్లించిన సొమ్మును తిరిగి యిమ్మని ఒక వర్తక సంస్థ అడిగినది. ఆ కోరిక న్యాయమైనదని కస్టమ్స్ అసిస్టెంటు కలెక్టరే సిఫారసు చేసియుండెను. రేవువారు మాత్రము 1905 నాటి మదరాసు పోర్టు ట్రస్టు చట్టములోని 110వ సెక్షనును చూపి, గడువు మీరినదని వాదించిరి. 1979లో సర్వోన్నత న్యాయస్థానము ఆ సెక్షను వర్తించునా లేదా అని తేల్చుటకే నిరాకరించి అప్పీలును త్రోసిపుచ్చినది. పౌరుని న్యాయమైన కోరికను ఎగగొట్టుటకు ప్రభుత్వసంస్థ ఇట్టి సాంకేతికమైన అడ్డును చాటు చేసికొనుట ధర్మము కాదని మందలించినది. ఆ తీర్పు ముద్రితమై ఇన్ని యేండ్లయినను ప్రభుత్వ సంస్థలు అదే వాదమును వదలిపెట్టక పోవుట విచారింపదగిన విషయము.

ఐనను రెండవ పక్షమును వినకుండ తీర్పు చెప్పుట తగదు. లా ఆఫీసరు ఇట్లనవచ్చును: "ఈ సొమ్ము నాది కాదు, చైర్మనుదియు కాదు. శాసనసభ యిచ్చిన రక్షణను వదలుకొనుటకు నేనెవ్వడను? నేడొకనికి జాలి తలచి సొమ్మిచ్చినచో రేపు ఆడిటువారు నన్నే నిలదీయుదురు. పదేండ్ల తరువాత వచ్చి, చెదలు తినిన రిజిస్టర్ల కాలపు బాకీ అడిగినవానికి నేనెట్లు బదులు చెప్పగలను?" ఈ మాటలలో బలము లేకపోలేదు. పరుల సొమ్ముతో దానకర్ణుడగుట సులభము. దానిని ధర్మమనరాదు. గడువు చట్టము పుట్టినదే సాక్ష్యములు నశించుననెడి భయమున.

ఆ భయమును న్యాయస్థానము మరచిపోలేదు. కోరిక బలహీనమై, ఆలస్యము వలన దానిని ఎదుర్కొనుటకు వలసిన సాక్ష్యము రేవువారికి దొరకకుండ పోయినచో గడువు వాదము చేయవచ్చునని అదే తీర్పులో మినహాయించినది. అంతియే కాదు, అట్టి వాదము చట్టరీత్యా నిలుచునదైనచో కోర్టు దానిని అంగీకరింపక తప్పదనియు చెప్పినది. అనగా కోర్టు అడ్డుపడునని గాక, తనంత తానుగా మానుకొనవలెనని సంస్థకు చెప్పినట్లయినది. ఆ మానుకొనుట జరుగవలసిన చోటు లా ఆఫీసరు బల్ల. అతడు రెండు సంగతులు విచారింపవలెను: ఈ కోరిక నిజమైనదా? ఆలస్యము వలన మన సాక్ష్యము చెడినదా? వీనికి బదులు సెక్షనులో దొరకదు. షెడ్డుకు పోవలెను, పాత చీటీలు వెదకవలెను, ఆనాడు గేటువద్ద నున్నవానిని పిలిచి అడుగవలెను. నిమిషములో తీరు పనికి వారము పట్టును. అధర్మమునకు కారణము దురాశ యని తలతురు గాని, కచేరీలలో దాని కారణము పెక్కుసార్లు సోమరితనమే.

జీతము తినువాడు ధర్మప్రశ్న నెదుర్కొనుట క్రొత్త కాదు. కురుసభలో ద్రౌపది అడిగినది ఒక న్యాయప్రశ్న. తన్ను తాను ఓడినవానికి భార్యను పణముగా ఒడ్డు అధికారము కలదా? సభలో పెద్ద న్యాయవేత్త భీష్ముడు. ధర్మము సూక్ష్మమనియు, తాను తేల్చి చెప్పజాలననియు పలికి ఊరకుండెను. బదులు చెప్పుడని విదురుడు సభను హెచ్చరించెను. ద్రౌపది గెలువబడలేదని తేటగా పలికినవాడు కౌరవులలోనే చిన్నవాడైన వికర్ణుడు. భీష్ముడు అబద్ధమాడలేదు. ఆయన యిచ్చినది జాగ్రత్తగల న్యాయాభిప్రాయము. నేటి ఫైళ్లలో 'రెండు విధములుగను వాదించుటకు అవకాశము గలదు, ఉన్నతాధికారులు తగినట్లు నిర్ణయింపవచ్చును' అని వ్రాయు నోట్లు అట్టివే.

సరే, వికర్ణునివలె పలికినను చైర్మను వినడనుకొందము. అప్పుడేమి కర్తవ్యము? ఇచ్చట రెంటిని వేరుచేయవలెను. గడువు వాదము అన్యాయమైనను చట్టము ఒప్పినది. తన అసమ్మతిని కారణములతో వ్రాసిపెట్టిన పిమ్మట, బోర్డు ఆజ్ఞ మేరకు ఆ వాదమును కోర్టుకు పంపుట సేవకధర్మమునకు విరుద్ధము కాదు. నిర్ణయాధికారము బోర్డుది. కాని రిజిస్టరులో సరకు చేరినట్లుండగా చేరలేదని ప్రమాణపత్రమున సంతకము చేయుమన్నచో, అది ఆజ్ఞయే కాదు. అచ్చట ఉద్యోగమును పణముగా ఒడ్డవలసినదే. ఇంటిలో చదువుకొను పిల్లలున్నవారికి ఈ మాట ఎంత బరువో వ్రాయువారికంటె వినువారికే తెలియును.

అసమ్మతి వ్రాయుటయు నేడు మునుపటికంటె కష్టమైనది. 2025 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము, సాక్ష్యచట్టము న్యాయవాదికి కల్పించు రహస్యరక్షణ సంస్థల జీతగాండ్రైన న్యాయ సలహాదారులకు వర్తింపదని తీర్పు చెప్పినది. యజమానికి అతడు వ్రాసిన నోటు ఒకనాడు ఎదుటివాని చేతబడవచ్చును. కావున 'కాగితముపై పెట్టవద్దు, నోటితో చెప్పుడు' అని పెద్దలు హితవు పలికెదరు. నోటిమాట గాలిలో పోవును, దానితోపాటు బాధ్యతయు పోవును. న్యాయమైన బాకీని న్యాయమైనదని వ్రాసిన నోటు బయటపడినచో సిగ్గుపడవలసినవాడు వ్రాసినవాడా, దానిని త్రోసివేసినవాడా?

1933లో తెరువబడిన విశాఖపట్నము రేవు 1964లో పోర్టు ట్రస్టు ఐనది. 2021 నాటి క్రొత్త చట్టముతో ట్రస్టు పోయి 'అథారిటీ' వచ్చినది. ట్రస్టనగా పరుల సొత్తును నమ్మకముతో కాపాడు ధర్మకర్తృత్వము. అథారిటీ యనగా అధికారము. పేరు మారినంతమాత్రమున స్వభావము మారవలెనని లేదు. ప్రభుత్వపు రేవు తన కౌలుదారులయెడ సైతము యుక్తముగను, ప్రజాహితము ననుసరించియు వర్తింపవలెనని బొంబాయి రేవు తగవులో 1989లోనే కోర్టు చెప్పియున్నది. ధర్మకర్తకు సలహా యిచ్చువాడు ధర్మకర్త పెట్టెను మాత్రమే కాచువాడు కాడు. ఆ పెట్టెలో పొరపాటున పడిన పరుల రూపాయిని చూపి, ఇది మనది కాదని చెప్పవలసినవాడును అతడే.

ఆ రూపాయి ఎన్నాళ్లు పెట్టెలో నిలిచియుండునో మదరాసు తగవే చూపుచున్నది. కస్టమ్స్ అధికారి సిఫారసు వచ్చిననాడే రేవు న్యాయశాఖలో నెవ్వరైన 'ఇచ్చివేయుడు' అని వ్రాసియుండినచో కథ అంతటితో ముగిసెడిది. వ్యాజ్యము అప్పీలుగా సర్వోన్నత న్యాయస్థానము చేరి, తీర్పు వచ్చుసరికి ఏండ్లు గడచినవి. తీర్పు శీర్షికలో ఆ వర్తక సంస్థ యజమాని పేరు ప్రక్కన 'మృతుడు, వారసుల ద్వారా' అని ముద్రింపబడియున్నది.