పొరుగింటి తలుపు: మహమ్మారి చలికాలం మనకు నేర్పిన పాఠం

సమస్త స్తోత్రాలూ మనల్ని పుట్టించి, పోషించి, బలహీనమైన బాల్యం నుండి బలమైన యౌవనానికి, అక్కడి నుండి నెరిసిన వెంట్రుకల వృద్ధాప్యానికి చేర్చే అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదర సోదరీమణులారా! దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 36వ ఆయతును ఒకసారి తెరిచి చూడండి. అల్లాహ్ తనను మాత్రమే ఆరాధించమని ఆదేశించి, ఆ వెంటనే తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల హక్కులు చెప్పాడు. తరువాత ఇరుగు పొరుగు ప్రస్తావన తెచ్చాడు. బంధువైన పొరుగువాడు, బంధుత్వం లేని పొరుగువాడు, మన పక్కన ఉండే సహచరుడు అని ముగ్గురిని వేరువేరుగా పేర్కొన్నాడు. మాట క్లుప్తంగా చెప్పాలనుకుంటే పొరుగువాడు అన్న ఒక్క పదం సరిపోయేది. అయినా ముగ్గురినీ విడమరచి చెప్పడంలో ఒక హెచ్చరిక ఉంది. నాకు బంధువు కాడు, నా మతం వాడు కాడు, నాకు పరిచయం లేడు అని తప్పించుకునే దారులన్నీ ఈ ఆయతు మూసివేసింది.

ఈ ఆయతు వెలుగులో 2020-21 నాటి చలికాలాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం.

మేడలు పెరిగాయి, మనుషులు తగ్గారు

గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్, మణికొండ, నానక్‌రాంగూడ... ఒకప్పుడు ఇవి రాళ్ల గుట్టల నడుమ పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం రూపే మారిపోయింది. గుట్టలు ఉన్నచోట మేడలు లేచాయి. పిల్లలు ఇక్కడ ఫ్లాట్లు కొన్నారు. ఆ తరువాత ఉద్యోగరీత్యా వారిలో చాలామంది అమెరికాకో, గల్ఫ్‌కో, ఆస్ట్రేలియాకో వెళ్లిపోయారు. ఆ ఫ్లాట్లలో తల్లిదండ్రులు మిగిలారు. గుంటూరు నుండి, వరంగల్ నుండి, కర్నూలు నుండి సొంత ఊరు వదిలి వచ్చిన పెద్దలు ఎనిమిదో అంతస్తులో, పన్నెండో అంతస్తులో ఇద్దరే ఇద్దరు! ఇద్దరిలో ఒకరు అల్లాహ్ పిలుపు అందుకుంటే, ఇక ఒక్కరే!

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. అదే నెలలో లాక్‌డౌన్ వచ్చింది. 65 ఏళ్లు దాటినవారు ఇల్లు కదలవద్దని ప్రభుత్వం సూచించింది. అంతర్జాతీయ విమానాల రాకపోకలు ఆగిపోయాయి. జూన్ 8 నుండి ప్రార్థనాలయాలు తెరుచుకున్నా పెద్దలు ఇంటి వద్దనే ఉండాలన్న సలహా కొనసాగింది. అలా వేసవి పోయింది, వానలు పోయాయి, చలికాలం వచ్చింది. మన నగరంలో చలి ఎక్కువగా ఉండే చోట్లలో సెంట్రల్ యూనివర్సిటీ పరిసరాలు కూడా ఒకటన్నది మీకు తెలిసిందే. ఐ.టి. ఉద్యోగులు ఇళ్ల నుండే పని చేస్తూ చాలామంది సొంత ఊళ్లకు వెళ్లిపోవడంతో హాస్టళ్లు, ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. మేడ మీద దీపాలు వెలిగే కిటికీలు కొన్నే మిగిలాయి. ఆ కొన్ని దీపాల వెనుక ఉన్నది మన పెద్దలు.

దూరం పాటించడం ధర్మమే

కొందరు సోదరులు ఆ రోజుల్లో రోగం అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు ఈ జాగ్రత్తలు ఎందుకు, ఇది విశ్వాస లోపం కాదా అని అడిగేవారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటుకు చేరినప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ వ్రాసిన విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని హజ్రత్ ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఒక లోయలో ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధే కదా అని వివరించారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి తాను దైవప్రవక్త (స) నోట విన్న మాట వినిపించారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లరాదు, ఉన్న ఊళ్లో ప్లేగు వస్తే పారిపోరాదు అన్నది దాని సారాంశం.

మస్జిదుకు వెళ్లలేకపోయామని కన్నీరు పెట్టుకున్న పెద్దలు ఎందరో! వారి హృదయానికి సాంత్వన కలిగించే మాట కూడా మన ధర్మంలో ఉంది. ఒక చలి రాత్రి, ఈదురుగాలి వీస్తుండగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అజాన్ ఇచ్చి, ఆ తరువాత ఎవరి బసలో వారే నమాజు చేసుకోవాలని ప్రకటించారు. ప్రయాణంలో చలి రాత్రి, వాన రాత్రి దైవప్రవక్త (స) ఇలాగే ప్రకటింపజేసేవారని చెప్పారు. కేవలం చలికే ఇంత వెసులుబాటు ఉంటే ప్రాణాపాయం ఉన్నచోట ఎంత ఉండాలి? మహమ్మారి వచ్చిన చోట ఓర్పుతో, అల్లాహ్ ప్రతిఫలం ఆశిస్తూ నిలిచి ఉన్నవానికి షహీదు పుణ్యం వంటి పుణ్యం ఉందని అమ్మ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. ఆ మేడల మీద ఒంటరిగా ముసల్లా పరచుకున్న మన పెద్దలు ఏమీ పోగొట్టుకోలేదు.

దూరం పాటించవచ్చు, తలుపు మరచిపోరాదు

ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఎవని కీడు నుండి అతని పొరుగువాడు నిశ్చింతగా ఉండడో అతని విశ్వాసం పూర్తి కాదని దైవప్రవక్త (స) ఎంతో గట్టిగా చెప్పారు. దగ్గుతూ, జ్వరంతో పెద్దాయన ఇంటికి వెళ్లి ఆయనకు రోగం అంటించడం కీడే. అందుకే దూరం. కానీ ఆ దూరాన్ని సాకుగా చేసుకుని ఆయన బ్రతికి ఉన్నాడో లేదో కూడా తెలుసుకోకపోతే అదీ కీడే! మొదటిది చేతులతో చేసే కీడు, రెండోది చేతులు ముడుచుకుని చేసే కీడు.

ఆ చలికాలంలో రెండు రకాల మేడలను చూశాం. ఒక చోట ఒక వృద్ధ దంపతులకు రోగం సోకిందని తెలియగానే తలుపు మీద కాగితం అతికించారు. పనిమనిషిని రానివ్వలేదు. పాల ప్యాకెట్లు కింద గేటు దగ్గరే ఉండిపోయాయి. లిఫ్టు వాడవద్దన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి తొమ్మిదో అంతస్తు నుండి పాల కోసం మెట్లు దిగాలి! రోగం తగ్గిన తరువాత ఆ పెద్దాయన అన్న మాట ఇది: “మౌల్వీ సాబ్, జ్వరం పద్నాలుగు రోజుల్లో పోయింది. ఆ కాగితం మాత్రం ఇంకా నా గుండె మీదే ఉంది.”

మరో చోట ఒంటరిగా ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఉన్నారు. హిందూ సోదరి. కొడుకు అమెరికాలో. ఎదురు ఫ్లాటులో ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటి కోడలు రోజూ మధ్యాహ్నం ఒక స్టూలు మీద కూర గిన్నె పెట్టి, గంట కొట్టి, దూరంగా జరిగి నిలబడేది. “టీచరమ్మా, ఈ రోజు పప్పుచారు. ఉప్పు తక్కువే వేశాను” అని చెప్పి, ఆమె తలుపు తీసి చిరునవ్వు నవ్వాకే లోపలికి వెళ్లేది. అస్ర్ తరువాత పిల్లలు ఇంటర్‌కామ్‌లో మాట్లాడేవారు. ఒక రోజు గంట కొట్టినా తలుపు తెరుచుకోలేదు. ఫోనుకూ జవాబు లేదు. వెంటనే వాచ్‌మన్‌ను పిలిచి, ఆమె ముందే ఇచ్చి ఉంచిన రెండో తాళంచెవితో తలుపు తీశారు. ఆమె స్నానాలగదిలో జారిపడి ఉన్నారు. సమయానికి ఆసుపత్రికి చేర్చారు. అల్‌హమ్దులిల్లాహ్, కోలుకున్నారు. రోజూ గిన్నె పెట్టే అలవాటు లేకపోతే ఆ తలుపు ఎప్పుడు తెరుచుకునేదో ఆలోచించండి!

కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కి చేసిన బోధ ఎంత లోతైనదో ఆనాడు అర్థమైంది. చారు విలువ కొద్దిదే. దాని వెంట వెళ్లే పలకరింపే ప్రాణం నిలబెట్టింది.

నలభై ఇళ్లు ఎక్కడి వరకు?

పొరుగు ఎక్కడి వరకు అన్న ప్రశ్నకు ముందు నలభై, వెనుక నలభై, కుడి నలభై, ఎడమ నలభై ఇళ్లని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) చెప్పారు. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు ఉంటే నలభై ఇళ్లకు పది అంతస్తులు చాలు! ఒకే లిఫ్టు ఎక్కేవారంతా పొరుగువారే. ఇద్దరు పొరుగువారు ఉంటే ముందు ఎవరికి కానుక పంపాలని అమ్మ ఆయిషా (రజి) అడిగినప్పుడు, ఎవరి తలుపు దగ్గరగా ఉంటే వారికని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఎవరి మతం దగ్గర, ఎవరి భాష దగ్గర అని కొలవలేదు, తలుపును కొలిచారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు మన యూదు పొరుగువానికి పంపారా అని ఇంటివారిని అడిగారు. పొరుగువాని గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, అతన్ని ఆస్తిలో వారసునిగా చేస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారన్న హదీసును వినిపించారు. యాచిస్తున్న ఒక యూదు వృద్ధుణ్ణి హజ్రత్ ఉమర్ (రజి) తన ఇంటికి తీసుకువెళ్లి సాయం చేసి, అటువంటివారికి బైతుల్ మాల్ నుండి ఇవ్వమని ఆదేశించినట్లు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన గ్రంథంలో వ్రాశారు. యౌవనంలో అతని శ్రమను వాడుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నది ఆయన భావం. మన నగరంలోనూ ఆ మహమ్మారి రోజుల్లో కొందరు ముస్లిం యువకులు మతం చూడకుండా అంత్యక్రియలకు ముందుకు రావడం ఈ బోధనల ఫలమే.

నిత్యావసరపు చిన్న వస్తువును కూడా ఇవ్వని వారిని మాఊన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. అవి కుండ, బొక్కెన, గొడ్డలి వంటివని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. ఆ చలికాలంలో ఆక్సీమీటరు కూడా అలాంటి వస్తువే అయింది. వేలికి తగిలించి చూస్తే 94 కంటే తగ్గిందా అన్నది తెలిసేది. మేడలో ఒక్కరి దగ్గర ఉన్నా, తుడిచి పక్కింటికి ఇస్తే ఒక ప్రాణం నిలిచే అవకాశం ఉండేది. 2021 మార్చి 1 నుండి 60 ఏళ్లు దాటినవారికి టీకాలు మొదలైనప్పుడు కోవిన్‌లో పేరు నమోదు చేయడం పెద్దలకు చేతకాలేదు. ఆ నాలుగు నిమిషాల సాయం కూడా మాఊనే.

మందు లేని ఒకే ఒక్క జబ్బు

వైద్యం చేయించుకోండి, అల్లాహ్ మందు లేకుండా ఏ రోగాన్నీ పంపలేదు, ఒక్కటి తప్ప అని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ ఒక్కటి ఏమిటో తెలుసా? వృద్ధాప్యం! కరోనాకు టీకా వచ్చింది. మన నగరంలోని జీనోమ్ వ్యాలీలోనే కోవాగ్జిన్ తయారైంది. వృద్ధాప్యానికి మాత్రం టీకా రాదు. దానికి ఉన్నది తోడు ఒక్కటే. ఇస్రా సూరా 23వ ఆయతులో తల్లిదండ్రుల ముసలితనం గురించి చెబుతూ అల్లాహ్ నీ వద్ద అన్న మాట వాడాడు. వారు మన దగ్గర, మన నీడలో ముసలివారు కావాలన్నది ఆ మాటలోని సూచన. విమానాలు ఆగిపోయి రాలేకపోయిన బిడ్డలను నిందించలేం. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. కానీ ఇదే నగరంలో ఉండి, టోలీచౌకి నుండి కొండాపూర్ రాలేని బిడ్డ రేపు ఏం జవాబు చెబుతాడు?

ఇప్పుడు మనం చేయవలసినవి

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. తలుపుల మీది కాగితాలు పోయాయి. ఆ పెద్దల ఒంటరితనం మాత్రం పోలేదు. కాబట్టి ఈ కొన్ని పనులు మన ఇళ్లలో ఈ రోజే మొదలుపెడదాం:

1. మీ మేడలో ఒంటరిగా ఉన్న పెద్దలు ఎవరో, ఏ ఫ్లాటులో ఉన్నారో తెలుసుకోండి. వారి పిల్లల ఫోను నంబరు అడిగి దగ్గర ఉంచుకోండి.

2. రోజుకు ఒక్కసారి, ఒకే సమయానికి పలకరించండి. వేళ స్థిరంగా ఉంటేనే జవాబు రాని రోజు మీకు తెలుస్తుంది.

3. మీకు జలుబు, జ్వరం ఉన్నప్పుడు వారి దగ్గరికి వెళ్లకండి, ఫోను చేయండి. జాగ్రత్త కూడా పొరుగువాని హక్కే.

4. మూడుసార్లు అనుమతి అడిగి, జవాబు రాకపోతే తిరిగి రావడం మన మర్యాద. అయితే ఒంటరి వృద్ధుల విషయంలో తిరిగి వచ్చి ఊరుకోకండి. వారి క్షేమం కనుక్కోండి.

5. గిన్నె మీ పిల్లల చేతికిచ్చి పంపండి. ఖుర్ఆన్ నేర్చిన పిల్లవాడు పక్కింటి తాతగారి పేరు తెలియకుండా పెరగకూడదు.

ఓ అల్లాహ్! ఆ మహమ్మారిలో మరణించిన విశ్వాసులకు షహీదుల స్థానం ప్రసాదించు. మా తల్లిదండ్రులపై, బాల్యంలో వారు మమ్మల్ని పెంచినట్లే, నీవు కరుణ చూపు. మా మేడల్లో ఒంటరిగా ఉన్న ప్రతి వృద్ధునికీ మమ్మల్ని మంచి పొరుగువారిగా చేయి. మా తలుపులు దగ్గర ఉన్నట్లే మా హృదయాలనూ దగ్గర చేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!