ఎత్తు ఎవరి కోసం?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం జరుగుతుంది. కొన్న చేపల్ని గంపలకెత్తుకుని మత్స్యకార స్త్రీలు ఊళ్ళోకి బయలుదేరతారు. అక్కడి తడి గచ్చుమీద కూర్చునే వాళ్ళు నాకు పాటలు చెప్పారు. ఆ పాటలే నా పిహెచ్‌డి.

ఆమధ్య ఒక సదస్సులో వాటి గురించి మాట్లాడాను. వాళ్ళలో ఇద్దరిని నేనే పిలిచాను. వేదిక మీద మైకూ శాలువా నాకు, చివరి వరసలో కుర్చీలు వాళ్ళకి. "పైనుంచి మేం అగుపించామా అమ్మా?" అని ఒకామె అడిగింది. నిజంగానే కనబడలేదు.

రైల్వే ప్లాట్‌ఫాం కూడా ఎత్తే. గంపతో వచ్చిన మనిషికి బోగీ గుమ్మం అందడానికి ఆ ఎత్తు. మరి మన సభావేదిక ఎత్తు ఎవరికి ఏం అందించడానికి?

1970లో ఈ ఊళ్ళోనే, శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా, మీరెటువైపని విద్యార్థులు రచయితల్ని కరపత్రంతో నిలదీశారు. స్త్రీవాదులం గనక ఆ ప్రశ్న మనకి తగలదనుకుంటే పొరపాటు.

నేను వేదిక దిగిపోయినంత మాత్రాన వాళ్ళ గొంతు వినబడదు. వాళ్ళెక్కడానికి మెట్టుండాలి. వచ్చే సభలో పాటా వాళ్ళదే, దాని అర్థం చెప్పడమూ వాళ్ళదే. కింద కూర్చుని రాసుకోవడం నా వంతు.