అనుభూతికి అందని వరప్రసాదం

కతోలిక వేదాంతంలో వరప్రసాదం అంటే మానవుడి యోగ్యతతో నిమిత్తం లేకుండా దేవుడు ఉచితంగా అందించే సహాయం. అంతకు మించి, తన సొంత జీవంలో మానవుడికి ఆయన కల్పించే పాలు. శ్రీసభ దీనిని రెండు విధాలుగా వివరిస్తుంది. జ్ఞానస్నానంతో ఆత్మలో నెలకొని, దానిని దేవుడికి ప్రీతిపాత్రం చేసి, చావైన పాపం వల్ల, అంటే తెలిసీ ఇష్టపూర్వకంగానూ చేసిన ఘోరమైన తప్పు వల్ల తప్ప తొలగిపోని స్థితిని పవిత్రీకరించే వరప్రసాదం అంటారు. శోధన ఎదురైనప్పుడో, ఒక నిర్ణయానికి రావలసినప్పుడో బుద్ధికి వెలుగునూ సంకల్పానికి బలాన్నీ ఇచ్చి అప్పటికప్పుడు పనిచేసే ప్రేరణను సహాయక వరప్రసాదం అంటారు.

నిర్వచనాలు ఇంత స్పష్టంగా ఉన్నా, వాటిని అనుభవంతో జోడించబోయేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. త్రెంతు మహాసభ 1547లో నీతిమత్వాన్ని గురించి వెలువరించిన బోధనలో, తనకు వరప్రసాదం లభించిందని ఎవరూ విశ్వాససత్యాలను నమ్మినంత నిశ్చయంగా తెలుసుకోలేరని ప్రకటించింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా వరప్రసాదం అనుభవానికి చిక్కదనీ, విశ్వాసం వల్ల మాత్రమే తెలియవస్తుందనీ చెబుతూ, జోన్ ఆఫ్ ఆర్క్ ఉదాహరణను చూపుతుంది. 1431లో రువాన్ పట్టణంలో జరిగిన విచారణలో, నీవు దేవుని వరప్రసాదంలో ఉన్నట్టు ఎరుగుదువా అని న్యాయాధిపతులు ఆమెను అడిగారు. అవునంటే ఏ మనిషికీ తెలియని దానిని తెలుసునన్న అహంకారం అవుతుంది, కాదంటే నేరాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. లేకుంటే దేవుడు తనను అందులో చేర్చాలనీ, ఉంటే అందులోనే నిలపాలనీ ఆమె బదులు చెప్పి ఆ ఉచ్చులోంచి బయటపడింది.

అనుభూతికి దొరకనిదే అయితే, కతోలికులు రోజువారీ జీవితంలో వరప్రసాదాన్ని ఏ విధంగా గుర్తిస్తారన్నది ప్రశ్న. దీనికి మొదటి సమాధానం దివ్యసంస్కారాలలో ఉంది. నీరు, నూనె, రొట్టె, ద్రాక్షరసం వంటి ఇంద్రియగోచరమైన వస్తువుల ద్వారా, పలికిన మాట ద్వారా దేవుడు తన జీవాన్ని అందిస్తాడని శ్రీసభ నమ్ముతుంది. సంస్కారం యథావిధిగా జరిగినప్పుడు, దానిని జరిపే గురువు పవిత్రతపై ఆధారపడకుండా, క్రీస్తు శక్తి వల్లనే ఫలిస్తుందన్న సూత్రాన్ని లాటిన్‌లో 'ఎక్స్ ఓపెరె ఓపెరాతో' అంటారు. పుచ్చుకునేవారు అడ్డు పెట్టకుండా ఉండాలి, వారి సిద్ధతను బట్టి ఫలం హెచ్చుతగ్గులవుతుంది. కానీ వారి మనస్సు ఆ క్షణాన పొంగిపోవాలన్న నియమం లేదు. అందుకే ఏ భావావేశమూ లేకుండా దివ్యసత్ప్రసాదం స్వీకరించి ఇంటికి వెళ్లిన వ్యక్తి తనకు ఏమీ దక్కలేదని అనుకోనవసరం లేదు. పాపసంకీర్తనంలో గురువు పలికే క్షమాపణ వాక్యాన్ని చెవులారా విన్న వ్యక్తి, గుండె ఇంకా బరువుగానే ఉన్నా, క్షమాపణ పొందానని నమ్మవచ్చు. నమ్మకానికి ఆధారం సొంత మనఃస్థితి కాక, క్రీస్తు వాగ్దానం కావడమే ఇక్కడి విశేషం.

రెండవ సమాధానం గడిచిన దానిని తిరిగి పరిశీలించడంలో ఉంది. 1548లో పోపు మూడవ పౌలు ఆమోదం పొందిన ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో ఆత్మపరిశోధన అనే అభ్యాసం ఉంది. పొందిన మేళ్లకు ముందుగా దేవుడికి కృతజ్ఞత చెప్పి, తన తప్పులను ఎరిగే వరప్రసాదాన్ని అడిగి, లేచిన వేళ నుంచి గంట గంటనూ నెమరువేసుకుని, క్షమాపణ కోరి, సరిదిద్దుకునేందుకు నిశ్చయించుకోవడం దాని క్రమం. తప్పుల కంటే ముందు కృతజ్ఞత రావడం, తప్పును ఎరగడానికి కూడా వరప్రసాదాన్ని అడగడం, ఈ రెండూ కతోలిక దృష్టిలోని ముఖ్యాంశాన్ని పట్టిస్తాయి: మానవుడి ప్రయత్నానికి ముందే దేవుని చొరవ ఉంటుంది. మానవుడు తన స్వశక్తితోనే పుణ్యజీవనం సాగించగలడన్న పెలాజియస్ వాదాన్ని పునీత అగస్టీను ఖండించినదీ, 529 నాటి ఒరాంజు సభ తీర్మానించినదీ ఈ చొరవను గురించే. అయితే ఈ చొరవ మానవ స్వేచ్ఛను తుడిచివేయదు. థామస్ అక్వినాస్ బోధన ప్రకారం వరప్రసాదం స్వభావాన్ని నాశనం చేయక పరిపూర్ణం చేస్తుంది కనుక, మానవుడి సమ్మతి కూడా దేవుని పనిలోనే భాగమవుతుంది. ఈ రెండింటి పొత్తు ఎలాంటిదన్న విషయమై దొమినికను, యేసుసభ వేదాంతులు ఏళ్ల తరబడి వాదించుకోగా, 1607లో పోపు ఐదవ పౌలు ఏ పక్షాన్నీ ఖండించకుండా ఆ వివాదాన్ని ముగించాడు.

మూడవ సమాధానం ఫలాలలో ఉంది. ప్రేమ, ఆనందం, శాంతి, సహనం మొదలైన వాటిని పవిత్రాత్మ ఫలాలుగా పునీత పౌలు గలతీయులకు రాసిన లేఖలో పేర్కొన్నాడు. లిసియు పట్టణపు కార్మెల్ మఠంలో జీవించి 1897లో ఇరవై నాలుగేళ్ల వయసులో క్షయతో మరణించిన పునీత తెరేజా ఇందుకు గొప్ప ఉదాహరణ. ప్రార్థనలో ఆమెకు తరచూ నీరసమే మిగిలేది, చివరి ఏడాదిన్నరలో విశ్వాసం విషయంలోనే చీకటి కమ్మింది. అయినా స్వభావరీత్యా తనకు గిట్టని ఒక మఠకన్యను చూసినప్పుడల్లా ఆమె చిరునవ్వుతో పలకరించేది, ఆ ఆదరణకు కారణం ఏమిటని ఆ మఠకన్యే ఆశ్చర్యపోయి అడిగింది. అనుభూతి ఎండిపోయిన చోట కూడా ప్రేమ ఆచరణలో నిలబడిందంటే, దాని బలం ఆమె సొంతం కాదని కతోలికులు గ్రహిస్తారు. శ్రీసభ 1997లో ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించింది.

వరప్రసాదం ఉచితమైతే మొక్కుబడులకు చోటేదన్న ప్రశ్న తెలుగు నేలపై సహజంగానే తలెత్తుతుంది. విజయవాడలోని గుణదల మరియమాత ఉత్సవానికి ఏటా ఫిబ్రవరిలో తరలివచ్చే యాత్రికులు, వారిలో క్రైస్తవేతరులు కూడా, తలనీలాలు సమర్పిస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కతోలిక బోధన ఈ భక్తిని తిరస్కరించదు గానీ, దానిని బేరంగా భావించడాన్ని తప్పుపడుతుంది. ఆశీర్వదించిన తీర్థజలం, విభూది వంటివి దివ్యసంస్కారాల మాదిరిగా వరప్రసాదాన్ని ఇవ్వవు, దానిని స్వీకరించేందుకు మనస్సును సిద్ధం చేస్తాయి. మొక్కు కూడా దేవుడికి చెల్లించే ధర కాకుండా, ఆ సిద్ధతగానో కృతజ్ఞతగానో ఉన్నప్పుడే సార్థకం.

తన స్థితిని తానే కొలవలేని విశ్వాసికి ఇతరుల స్థితిని కొలిచే అధికారం అసలే లేదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో, మంచి మనస్సుగల మనుషులందరి హృదయాలలో వరప్రసాదం అదృశ్యంగా పనిచేస్తుందని బోధించినప్పుడు, త్రెంతు సభ చెప్పిన అజ్ఞాతత్వాన్నే మరో దిక్కుకు పొడిగించినట్టయింది. తనలో వరప్రసాదం కంటికి కనబడకపోయినా ఉందని నమ్మగల వ్యక్తి, ఎదుటివారిలో అది కనబడలేదన్న కారణంతో లేదని తీర్పు చెప్పలేడు.