గ్రంథములో దొరకని పేర్లు



ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయములోని పేర్ల వరుసను మనము తరచుగా చదువక దాటిపోవుదుము. కాని అందులో దుఃఖకరమైన సంగతి యొకటి కలదు. చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళిని వెదకిరి. అది కనబడనందున వారు యాజకత్వమునకు దూరమైరి. పుస్తకములో పేరు లేనివాడు మనుష్యుల లెక్కలో లేనట్టేనా? ఫ్రాన్సు దేశపు సంఘచరిత్ర ఈ ప్రశ్నను మనయెదుట నిలుపుచున్నది.

ఆ దేశమున ప్రతి గుడి గురువును బాప్తిస్మముల పట్టీ వ్రాయవలెనని మొదటి ఫ్రాంస్వా రాజు 1539లో ఆజ్ఞాపించెను. 1579లో వివాహములు, భూస్థాపనలు కూడ చేర్చబడెను. 1667 నుండి రెండు ప్రతులు వ్రాసి, ఒకటి గుడిలోను ఒకటి న్యాయస్థానమునందును ఉంచవలసి వచ్చెను. 1792లో ఈ పని ఊరి అధికారుల చేతికి వచ్చెను. పారిసు నగరములో 1871లో రెండు ప్రతులును మంటలపాలైనవి గాని, పల్లెలలో అనేకము నిలిచియున్నవి. అందుచేత నేడు సామాన్య రైతు మనుమడు సయితము తాత, ముత్తాత అని మెట్టు మెట్టుగా మూడు నాలుగు వందల యేండ్లు వెనుకకు పోగలడు. ఆ పాత పుటలను అనేక జిల్లాల దస్తావేజు భాండారములవారు ఇంటర్నెట్టులోను ఉంచియున్నారు.

అయితే ప్రొటెస్టెంటు కుటుంబములవారు వెదకునప్పుడు త్రోవ తెగిపోవును. 1598లో నాంత్ శాసనమువలన వారికి కలిగిన స్వేచ్ఛను 1685లో 14వ లూయీ రాజు రద్దుపరచెను. అటుపిమ్మట రోమను గురువు పుస్తకమే చట్టమునకు సాక్ష్యము. అడవులలోను గుహలలోను కాపరియెదుట రహస్యముగా జరిగిన పెండ్లి పెండ్లి కాదు. ఆ బిడ్డలు అక్రమ సంతానము. తండ్రి పొలముపై వారి హక్కు నిలువదు. కొందరు తలిదండ్రులు బిడ్డకు పేరు దక్కుటకై రోమను గురువునొద్దకే పోయిరి. మరికొందరు పోనొల్లక, "ఎడారి సంఘము" అనబడిన దాగియున్న సంఘపు కాపరులచేత తమ పేర్లు వ్రాయించుకొనిరి. ఆ కాపరులకు ఉరియే శిక్ష. పియేర్ ద్యూరాన్ అను కాపరి 1732లో ఉరితీయబడెను. ఆయన సహోదరి మరీ ద్యూరాన్ 1730 నుండి 1768 వరకు ఎగ్-మోర్త్ పట్టణపు బురుజులో ఖైదీగా నుండెను.

నేడు ఒకడు ఆ పుస్తకము తెరచి, తన పూర్వికుని పేరు రోమను గురువు వ్రాతలో చూచెననుకొందము. ఆ పూర్వికుడు విశ్వాసమును విడిచినవాడని తీర్పు చెప్పవచ్చునా? తొందరపడకుడి. బిడ్డ దిక్కులేనివాడగునను భయము తండ్రి గుండెను ఎట్లు పిండునో బిడ్డలుగల మీకు తెలియును. అట్లని, పోనొల్లనివారి శ్రమ వ్యర్థమని చెప్పగలమా? చెప్పలేము. పేరుకంటె సత్యము గొప్పదని వారు తమ నష్టముచేతనే బోధించిరి. మొదటి నేరము ఈ యిద్దరిలో ఎవరిది కాదు. సాక్ష్యము చెప్పవలసిన పుస్తకమును ఉరిత్రాడుగా మార్చినవారిది.

1787లో 16వ లూయీ శాసనముచేత, కతోలికులు కానివారు తమ జనన వివాహ మరణములను న్యాయాధికారియెదుట వ్రాయించుకొనుటకు సెలవు కలిగెను. మునుపు జరిగిన వివాహములను సయితము ఒక సంవత్సరములోగా తెలుపుకొనవచ్చును. ఆలోచించుడి: నిన్న అక్రమమైన బిడ్డ నేడు సక్రమమాయెనా? బిడ్డ మారలేదు, తల్లి మారలేదు. దేవుడు ముందే యెరిగిన దానిని కలము ఆలస్యముగా ఒప్పుకొనెను, అంతే.

కాబట్టి పుస్తకము సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. మత్తయి 1వ అధ్యాయములో తామారు, రాహాబు, రూతు పేర్లు మన ప్రభువు వంశావళిలోనే యున్నవి. లోకమైతే వాటిని కొట్టివేసియుండును. ఆయన శిష్యులను సంతోషించుమన్నది పరలోకమందు వ్రాయబడిన పేర్లను గూర్చియే.

అయినను మన సంఘపు రిజిస్టరును అలక్ష్యము చేయకుడి. బీదవానికి వ్రాసిన పేరు ఒక కంచెవంటిది. కలము పట్టినవాడు ఎవరినీ విడువక నిజము వ్రాయవలెను. తండ్రి పేరు తెలియని బిడ్డ మన గుడి వాకిట నిలిచినప్పుడు, వాని వంశమేదని అడుగుటకు ముందు వానికి కూర్చుండ చోటియ్యవలెను. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.