విడువని దానము

దాత తన చేతిలోని వస్తువును మఱియొకని చేతిలో పెట్టి, ఆ పెట్టుటవలననే మునుపటికంటె ధనవంతుడైనచో, ఆ క్రియను దానమనవచ్చునా? ఈ ప్రశ్న నేటి ధనికప్రపంచమున చిత్రపటముల చుట్టును శిల్పముల చుట్టును అల్లుకొని యున్నది. కాని దీని వేళ్లు మన కర్నూలు, కడప మండలముల మెట్టభూములలోనే, మాన్యములు, ఈనాములు, అగ్రహారములు అను పాత వ్యవహారముల అడుగున దిగియున్నవి. కావున జెనీవా నగరపు గిడ్డంగులకు పోవుటకు ముందు తుంగభద్ర యొడ్డునకు పోవుట న్యాయము.

పదునేడవ శతాబ్దమున ఆదోని నేలుచుండిన సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రతీర్థులకు మంచాల గ్రామమును సమర్పించెను. ఆ గ్రామమే నేటి మంత్రాలయము. స్వామివారు 1671లో అక్కడనే బృందావనప్రవేశము చేసిరి. మహమ్మదీయ ప్రభువు ఒక మాధ్వయతికి ఇచ్చిన ఆ దానమునందు నిజముగా చేతులు మారినదేమి? దున్నువారు దున్నుచునే యుండిరి, పంట పండుచునే యుండెను. సర్కారునకు చేరవలసిన భాగము మాత్రము మఠమునకు చేరసాగెను. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి అప్పగించిన పిదప, ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రోకు ఇట్టి ఈనాముల మంచిచెడ్డలను విచారించు పని తగులుకొన్నది. మంత్రాలయపు ఈనాము విషయమై ఆయన స్వయముగా మఠమునకు వచ్చెననియు, పాదరక్షలు విడిచి బృందావనము నెదుట నిలువగా స్వామివారు ఆయనకు మాత్రమే కనిపించి, మాటలాడి, అక్షతలిచ్చిరనియు, ఈనాము నిలిచెననియు మఠసంప్రదాయము చెప్పుచున్నది. భక్తులు ఈ కథను మహిమకొఱకు చెప్పుకొందురు. నాకు దానియందు మఱియొక అర్థము గోచరించుచున్నది: పన్ను మినహాయింపు పొందినది ఎంతటి పవిత్రస్థానమైనను, ఇది యెందులకు మినహాయింపబడినదని యడుగు హక్కు అధికారికి కలదు, సమాధానము చెప్పు బాధ్యత బృందావనస్థుడైన యతీశ్వరునికి సైతము కలదు. స్వామి కోపింపలేదు, శపింపలేదు, వచ్చి మాటలాడెను.

ఈ బాధ్యత మన సీమకు కొత్తది కాదు. కడప ప్రాంతమున దశబంధపు మాన్యములని యుండెడివి. ఒకడు తన సొమ్ముతో చెరువు కట్టించినను, బావి త్రవ్వించినను, తెగిన కట్టను పూడ్పించినను, ఆ నీటిక్రింది భూమిలో కొంత భాగమును పన్ను లేకయో తగ్గింపు పన్నుతోనో అనుభవించు హక్కు అతనికి కలిగెడిది. కాని అతడును అతని సంతతివారును ఆ చెరువును బాగుచేయుచు నుండవలెను, కట్టను గాలికి వదలినవాని మాన్యమును ప్రభుత్వము తిరిగి తీసికొనవచ్చును. వానకు మొగము వాచిన నేలపై పుట్టిన ధర్మమిది. పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినపుడు దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లకొఱకు నూఱు బండ్లును రెండేండ్లపాటు పనిచేసినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. ఆ చెరువు నేటికిని నీరు పట్టుచున్నది. పుత్రుని, నిధిని, దేవాలయమును, వనమును, తటాకమును, కావ్యమును, అగ్రహారమును మన పూర్వులు సప్తసంతానములని లెక్కించిరి. ఔరసుడైన పుత్రుని మాట యటుంచినచో, తక్కినవన్నియు కర్త చేతినుండి జాఱి పరుల చేతికి పోవుటచేతనే సంతానములైనవి. కళాసృష్టి చెరువు ప్రక్కనే, అదే వరుసలో, అదే నియమమునకు లోబడి కూర్చుండుట గమనింపదగినది.

దానమునకు ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిన లక్షణము కఠినమైనది. దాత స్వత్వము పూర్తిగా నివర్తింపవలెను, ప్రతిగ్రహీత స్వత్వము పూర్తిగా కలుగవలెను. రెండింటిలో ఏ యొకటి లోపించినను అది దానము కాదు. శాసనములలో కనిపించు ధారాపూర్వకదానమునకు భావమిదియే: చేతినుండి జాఱిన నీరు మరల చేతికెక్కదు. గీత పదునేడవ యధ్యాయమున దానము సాత్త్వికము, రాజసము, తామసము అని మూడు విధములుగా విభజింపబడినది. ప్రత్యుపకారమును గోరియో, ఫలమును ఉద్దేశించియో, మనసు కష్టపెట్టుకొనియో ఇచ్చునది రాజసము. అయినను రాజసదానమున సైతము దాత తన సొమ్మునే యిచ్చుచున్నాడు. కీర్తికొఱకు పెట్టిన అన్నమైనను ఆకలిగొన్నవాని కడుపు నింపును. అట్టి దాతను నేను నిందింపను. నేను విచారింపబూనినది ఆ మూడింటిలో చేరని తెగ: తనది ఉంచుకొని, పరులది ఇచ్చి, దాత యనిపించుకొనుట.

పరులది యనగా నేమి? పంటలో ఆఱవపాలు రాజుదని స్మృతులు విధించినవి. అది రాజు భోగమునకు కాదు, ప్రజారక్షణమునకు ప్రజలిచ్చు వేతనము. కాళిదాసు శాకుంతలమున దుష్యంతుడు, అరణ్యవాసులు తమ తపస్సులో ఆఱవభాగమును రాజునకిచ్చుచున్నారని చెప్పును. నారచీరలు తప్ప మఱేమియు లేని మునులు సైతము ఆ బాధ్యతకు వెలికారని కవి హృదయము. అట్లయినచో, పన్నుగా చెల్లవలసిన భాగము ధనికుని యింట నున్నంతమాత్రమున ధనికునిది కాదు. అది అతనియొద్ద నున్న ఇల్లడ సొమ్ము.

ఇక కళావిపణిని చూతము. అమెరికాలో ఒక ధనికుడు లక్ష డాలర్లకు ఒక చిత్రమును కొని, యేడాదికి పైగా ఉంచుకొని, దాని వెల పది లక్షలని నిపుణునిచేత వ్రాయించి, మ్యూజియమునకు ఇచ్చెననుకొందము. పెరిగిన తొమ్మిది లక్షలపై అతడు పన్ను కట్టనక్కఱలేదు. పైగా ఆ పది లక్షలను, చట్టము విధించిన వార్షికపరిమితికి లోబడి, తన ఆదాయమునుండి తగ్గించి చూపవచ్చును. 2025వఱకు నున్న నియమముల ప్రకారము, నూటికి 37 వంతున పన్ను కట్టవలసినవాడైనచో అతనికి మిగిలెడి పన్ను మూడు లక్షల డెబ్బది వేలు. లక్ష పెట్టినవానికి మూడు లక్షల డెబ్బది వేలు వచ్చినవి, మ్యూజియమునకు చిత్రము వచ్చినది, గోడమీద దాత పేరు చెక్కబడినది. ఇంత సొమ్మును ఎవరు పెట్టిరి? ఆ మ్యూజియము గడప ఎన్నడును త్రొక్కని కోట్లాది జనులు. ఇందులో చట్టవిరుద్ధమేదియు లేదు. నా యాక్షేపము సరిగా అందుచేతనే చట్టముపైని కాక దాన మను పేరుపైని.

కీలకమంతయు వెల కట్టుటయందున్నది. బియ్యమునకును బంగారమునకును బజారువెల యున్నది. ప్రపంచమున ఒకే ప్రతిగల చిత్రమునకు ఇద్దరి కోరికయే వెల. అందుచేతనే అమెరికా పన్నుశాఖ 1968నుండి ఒక నిపుణసంఘముచేత ఈ వెలలను పరీక్షింపజేయుచున్నది. అయినను సందులు మిగిలినవి. థాయిలాండునందలి బాన్ చియాంగ్ ప్రాచీన మృణ్మయపాత్రలను దొంగచాటుగా తెప్పించి, నిపుణుని పత్రము విధిగా అవసరమగు 5,000 డాలర్ల హద్దు దాటకుండ హెచ్చువెలలు వ్రాయించి, వానిని కాలిఫోర్నియా మ్యూజియములకు దానములుగా ఇప్పించిన వ్యవహారము 2008లో సోదాలతో బయటపడి, ఒక లాస్ ఏంజెలెస్ వర్తకుని కారాగారశిక్షవఱకు పోయినది. 2015లో అమెరికా సెనేటు ఆర్థికసంఘాధ్యక్షుడు ఆరిన్ హాచ్ పదునొకండు ప్రైవేటు మ్యూజియములకు లేఖలు వ్రాసి, మీ తలుపులు ప్రజలకు ఎన్ని గంటలు తెరచియుండును, దాతకు ఇంకను ఎంత అధికారము మిగిలియున్నది అని యడిగెను. మంత్రాలయమునకు మన్రో తెచ్చిన ప్రశ్నయే అది.

అంతకంటెను నన్ను కలతపెట్టునది జెనీవా ఫ్రీపోర్టు. ధాన్యాది సరకులు గమ్యము చేరువఱకు సుంకము లేకుండ నిలువచేయుటకు 1888లో ఏర్పడిన ఆ గిడ్డంగులలో నేడు పది లక్షలకు పైగా కళాఖండములున్నవని అంచనా. పెట్టె కదలకయే యజమానులు మారుదురు. సరకు ఏ దేశమునకును చేరదు గనుక ఏ దేశమునకును సుంకము ముట్టదు. 2016లో పనామా పత్రములు వెలువడినపుడు, నాజీలు ఒక యూదు వర్తకునినుండి దోచిరని వ్యాజ్యమందున్న మోడిగ్లియానీ చిత్రము ఆ గిడ్డంగిలోనే, ఒక పనామా కంపెనీ పేరిట, ఉన్నట్లు వెల్లడియైనది. దీనికి విరుద్ధమైన దానిని మన శ్రీశైలమునకు పోయి చూడుడు. ప్రాకారపు రాతిఫలకములపై ఏనుగులను, వేటలను, శివకథలను చెక్కినవారు ఆ శిల్పమంతయు గోడ వెలుపలి ముఖమునకు పెట్టిరి. గర్భగుడిదాక పోలేనివాడును, పోనీయబడనివాడును, బాటసారియు, గొఱ్ఱెలకాపరియు దానిని చూడవచ్చును. ఆ శిల్పుల పేర్లను ఎవరును తలచుకొనరు. కళ యెవరికొఱకు అను ప్రశ్నకు ఆ గోడకంటె స్పష్టమైన సమాధానమును నేనెఱుగను.

ధనికుడు తప్పించుకొన్న పన్ను గాలిలో కలియదు. మఱియొకని నెత్తిన వాలును. దత్తమండలముల రైతు మోయలేకున్నాడని, శిస్తులో నాలుగవవంతు తగ్గింపుడని 1807లో మన్రో వ్రాసినపుడు కుంపిణీ అప్పటికి అంగీకరింపలేదు. ఆయన గవర్నరుగా తిరిగి వచ్చిన పిదపగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. 1827లో ఆయన కలరా సోకి పత్తికొండలో మరణించెను. అదే పత్తికొండ సంతలో నేడు టమాటా ధర పడిపోయి గంపలను రోడ్డుమీద గ్రుమ్మరించి పోవు రైతు, ఇంటికి పోవుచు సబ్బుబిళ్ల కొన్నను పన్ను కట్టియే కొనుచున్నాడు. అతనికి ఏ నిపుణుని పత్రమును లేదు, ఏ గిడ్డంగియు లేదు.

మన దేశపు చట్టము ఈ విషయమున మిశ్రమముగా నున్నది. 1957 నాటి సంపదపన్ను చట్టము అమ్మకమునకు ఉద్దేశింపని కళాసంగ్రహములను మినహాయించెను. ఆ పన్నే 2015లో రద్దయినది. చిత్రములను, శిల్పములను కట్టుబట్టలవలె సొంతవాడుక వస్తువులుగా భావించి అమ్మకపు లాభముపై పన్ను వేయని మార్గమును 2007 నాటి ఆర్థికచట్టము మూసినది. వస్తువు నిచ్చి ఆదాయపు పన్నులో తగ్గింపు కోరుటకు మన చట్టము ఒప్పుకొనదు. ధనమిచ్చినప్పుడే ఆ తగ్గింపు. ఇందులో మన చట్టము అమెరికా చట్టముకంటె ధర్మమునకు చేరువగా నున్నదని నా నమ్మకము, ఏలయన ధనమునకు వెల కట్టువాడు అక్కఱలేదు. 2019 మార్చిలో ఆదాయపు పన్నుశాఖ వజ్రవర్తకుడు నీరవ్ మోడీ సేకరించిన చిత్రములను ముంబయిలో వేలము వేయింపగా చిత్రకారుడగు గాయ్‌తోండే చిత్రమొక్కటియే 25 కోట్లకు పైగా పలికినది. బాకీపడిన పన్ను గోడకు వ్రేలాడు పటమునుండి వసూలైన ఆ దినము మన కళాచరిత్రలో గుర్తుంచుకొనదగినది.

ఇట్లనగా కొందఱు ఆక్షేపింతురు: మినహాయింపు లేనిచో ధనికులు కళను పోషింపరు, చిత్రములు పరదేశములకు పోవును, మ్యూజియములు వట్టిపోవును. ఈ మాటలో సత్యమున్నది, దానిని త్రోసిపుచ్చను. చెరువు తవ్వినవానికి మన పూర్వులును మాన్యమిచ్చిరి గదా. కాని ఇచ్చినది నీటికి, త్రవ్వినవాని పేరునకు కాదు. ఇంకొక సంగతియు కలదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ యొడ్డున చందవరము బౌద్ధస్తూపమున్నది. బుద్ధుని ఆరాధించువారిని చెక్కిన సున్నపురాతి ఫలకమొకటి అక్కడనుండి దొంగిలింపబడి, న్యూయార్కు వర్తకురాలు నాన్సీ వీనర్ మూలమున 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరినది. 2016లో తిరిగి భారతదేశమునకు అప్పగింపబడినది. అట్టి వ్యాపారమే చేసిన మఱియొక న్యూయార్కు వర్తకుడు సుభాష్ కపూర్ పేరుమోసిన మ్యూజియములకు అనేకవస్తువులను ఊరకయు ఇచ్చియుండెను. స్వామి కానివాడు అమ్ముటను మన స్మృతులు వ్యవహారపదములలో ఒకటిగా పెట్టి, ఆ అమ్మకము చెల్లదనినవి. చెల్లని అమ్మకమునుండి చెల్లు దానము పుట్టదు. ఆ ఫలకము పదునెనిమిది వందల యేండ్లనాడే స్తూపమునకు సమర్పింపబడి, దానిని ఇచ్చినవారి చేతినుండి నిజముగా విడువబడినది. అట్టి వస్తువును ఇంకొకడు మరల దానమిచ్చుటకు తావెక్కడ? తమిళనాటి పత్తూరునుండి దొంగిలింపబడిన నటరాజమూర్తి వ్యాజ్యమున 1991లో లండను అప్పీలు న్యాయస్థానము శిథిలాలయమునే వ్యాజ్యకర్తగా అంగీకరించినది. నేడు ఆళ్లగడ్డలో రాయి చెక్కు స్థపతియు, ప్రతిష్ఠ జరిగిన మఱునిమిషమునుండి తాను చెక్కిన మూర్తికి యజమాని కాక భక్తుడగుచున్నాడు.

సంగ్రహించుట తప్పని నేననను. 1826లో మరల కడపకు ఉద్యోగియై వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను తన జీతముతో పోషించి, తాళపత్రప్రతులను తెప్పించి, పాఠములను సరిచూపించి, అప్పుల పాలయ్యెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితపుస్తకాలయమున నేటికిని చదువరులకు అందుచున్నవి. ఆ బంగళా యున్నచోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూర చందాలు వసూలుచేసి నిలిపిన గ్రంథాలయమునకు ఎవడైనను పోయి చదువుకొనవచ్చును. ఇచ్చుటచేత బీదవాడైన సంగ్రాహకుడు మన కడపలోనే యుండెను.

కావున రాయలసీమ ధనికులకు నా విన్నపము: ముందు పన్ను కట్టుడు, మిగిలిన సొమ్ముతో చిత్రము కొనుడు, కొన్నదానిని కర్నూలు, కడప బడిపిల్లలు చూడగలచోట నుంచుడు. ప్రభుత్వమునకు విన్నపము: కళపేరిట, ధర్మముపేరిట మినహాయింపు పొందిన ప్రతి సంస్థయు తనయొద్ద ఏ వస్తువులున్నవో, వానిని ఏ దినములలో ఎన్ని గంటలు ప్రజలకు చూపినదో యేటేట ప్రకటింపవలెను, ప్రకటింపని సంస్థ మినహాయింపును, కట్ట బాగుచేయని దశబంధమును రద్దుచేసినట్లు, రద్దుచేయవలెను.