ముందు గోడ విప్పి చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలూ, కొనాల్సిన సామాన్ల పట్టీ అందాయి. పాత పాప్-అప్ క్యాంపర్ బాగుచేసుకుని, నీ పికప్ ట్రక్కు మీదికెక్కించి కొలరాడో కొండలన్నీ తిరగాలన్న నీ ఉత్సాహం నాకు నచ్చింది. కొత్త క్యాంపర్ కోసం అప్పు చేయకపోవడం ఇంకా నచ్చింది. కానీ నీ పట్టీలో మొదట పరుపుల గలేబులున్నాయి. తరవాత గోడలకు తెల్ల రంగు, దీపాల తోరణం, ఫ్రిజ్, సోలార్ ప్యానెల్. అన్నిటికన్నా చివర ‘లీకులుంటే చూడాలి’ అని రాశావు. ఆ పట్టీని కిందినుంచి పైకి చదువుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ ఫొటోల్లో మంచం మూల దగ్గర గోధుమరంగు మరక కనిపించింది. ట్రక్కు క్యాబిన్ మీదికి ముందుకొచ్చిన భాగం అది. హైవే మీద వేగంగా పోతుంటే వాన నేరుగా కొట్టేది ఆ ముక్కుకే. అక్కడి అల్యూమినియం అంచు పట్టీ కింద ఉన్న పాత సీలెంటు ఎండకు గట్టిపడి పగులుతుంది. స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. కొలరాడో పొడి ప్రాంతం కదా, చివకడం ఎందుకుంటుంది అనుకోకు. గోడ లోపల చిక్కిన తడికి బయటి గాలి తగలదు. చెక్కలో తేమ ఇరవై శాతం దాటి అలాగే నిలిచిపోతే చెక్కను తినే శిలీంధ్రం పట్టి, దాన్ని పొడి చేసేదాకా వదలదు. పైగా తడి బయటినుంచే రానక్కర్లేదు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీళ్ళు ఆవిరిగా బయటికొస్తాయి. కిటికీలు మూసుకుని స్టవ్ మీద వంట చేస్తే ఆ ఆవిరంతా చల్లటి గోడలకే పడుతుంది.

నీది చెక్క చట్రం. 1972లో మొదలైన ఫోర్ వీల్ క్యాంపర్స్ వాళ్ళలాగా అల్యూమినియం చట్రం కట్టేవాళ్ళూ ఉన్నారు కానీ, పాతవాటిలో చెక్కవి చాలా ఉన్నాయి. ముందు మూలల జాకీలను బిగించేది ఆ చెక్కకే. ఈ ఒక్క సంగతి బాగా మనసులో పెట్టుకో. క్యాంపర్‌ను ట్రక్కు మీంచి దించేటప్పుడు మొత్తం బరువంతా నాలుగు జాకీల మీదే నిలబడుతుంది. లోపల చెక్క చివికి ఉంటే బోల్టులు పట్టు వదిలి, జాకీ బ్రాకెట్ ఊడి చేతికొస్తుంది. అప్పుడు క్యాంపర్ పక్కన ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ కాళ్ళమీద పడుతుంది. పెయింటు వేసిన గోడ ఆ మాట నీకు చెప్పదు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దవాళ్ళు ఇలాంటివాటిని చూసే అని ఉంటారు.

చాలా ఏళ్ళ కిందట నాకు ఒకాయన ఇలాంటిదే అమ్మాడు. లోపల కొత్త ప్యానెళ్ళు మెరిసిపోతున్నాయి. వాటిని విప్పితే వెనక చట్రం వేలితో నొక్కగానే పిండిలా రాలింది. ఆయనకు తెలియక కాదు. తెలిసే కప్పెట్టాడు, ఎందుకంటే కొత్త మేకులు సరిగ్గా చివికిన చోటు తప్పించి కొట్టి ఉన్నాయి. నాకు డబ్బు నష్టమైంది. అది తట్టుకోగలిగాను. ఆ మంచం మీద నా పిల్లలు పడుకుంటారని తెలిసీ చిరునవ్వుతో చేతిలో తాళాలు పెట్టడం మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

అందుకని ముందు ఆ అంచు పట్టీ విప్పు, లోపలి ప్యానెల్ తీయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా దిగినంతమేరా కోసెయ్యి. ఇంకో జానెడు గట్టి చెక్క తగిలేదాకా కొయ్యి. ఈ చోటే మనిషికి చేయి ఆగిపోతుంది. ‘ఇక్కడిదాకా చాలులే’ అనిపిస్తుంది. ఆగకు. తరవాత ఫ్యానుపెట్టి రోజుల తరబడి ఆరనివ్వు. చెమ్మ ఉండగా కొత్త చెక్క అతికిస్తే దానికీ అదే గతి. పాత చెక్క పక్కన కొత్తది జతచేసి జిగురూ స్క్రూలూ వేసి బిగించు. అంచు పట్టీ కింద బ్యూటైల్ టేపు కొత్తగా పరిచి అదిమి, పైకప్పు అతుకుల మీద దానికోసమే చేసిన సీలెంటు పుయ్యి. సిలికోన్ జోలికి మాత్రం వెళ్ళకు. అది ఒకసారి పూస్తే దాని మీద ఇంకేదీ అంటుకోదు, చివరికి కొత్త సిలికోన్ కూడా. నీ తరవాత బాగుచేసేవాళ్ళు గీకి గీకి విసిగిపోతారు.

పైకప్పు ఎత్తే తీగలు కూడా విప్పి చూడు. కప్పీలమీద వంగే చోటే పోగులు ముందుగా తెగుతాయి. గుడ్డతో తుడిస్తే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. కప్పు లేపి కింద పనిచేసేటప్పుడు నాలుగు మూలలా చెక్క మొద్దులు నిలబెట్టకుండా తల పెట్టొద్దు. గుడ్డ గోడల్లో చిన్న చిరుగులకు వినైల్ అతుకు సరిపోతుంది; కుట్లే వదులైతే మొత్తం మార్చడమే మేలు. దానికి తొందరేమీ లేదు, వచ్చే ఏడు చేసుకోవచ్చు.

గ్యాస్ సంగతి వాయిదా వేయకు. రబ్బరు గొట్టం, రెగ్యులేటర్ కొత్తవి వెయ్యి. ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు; ఇంట్లో కొత్త గ్యాస్ బండ పెట్టినప్పుడల్లా మీ అమ్మ చేసేదే ఇది. ప్రొపేన్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి గ్యాస్ అలారం నేల దగ్గర ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరుగా చూసుకో. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళను లేపదు. అలారాలకూ ఆయుష్షు ఉంటుంది, వెనక తేదీ చూడు. నీ స్నేహితులు నిన్ను నమ్మి ఆ కప్పు కింద పడుకుంటారు. వాళ్ళెవరూ నీ జాయింట్లు పరీక్షించి చూడరు.

ఇక బరువు. డ్రైవరు తలుపు చట్రం మీద పసుపు గళ్ళున్న చీటీ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద అంకె వేసి ఉంటుంది. ఇరవై గ్యాలన్ల నీళ్ళే డెబ్బై అయిదు కిలోలు. ఫ్రిజ్, బ్యాటరీలు, సోలార్ ప్యానెల్ ఒక్కొక్కటే చిన్నవిగా కనబడతాయి. కలిపితే కొండ దిగుతున్నప్పుడు బ్రేకుల మీద పడతాయి. అందరూ ఎక్కువే వేసుకుని పోతున్నారు కదా అని నీకు సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. ఎదురుగా వచ్చే కారులోవాళ్ళు ఆ సలహాకు ఒప్పుకోలేదు. అందుకే, ఆ అంకె దాటితే సోలార్ ప్యానెల్ ఇంట్లో వదిలెయ్యి.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఏది విప్పావు, ఏం కనబడింది, ఏం వేశావు, ఏది బాగుచేయకుండా వదిలేశావు, తేదీలతో రాయి. విప్పినప్పుడల్లా ఫొటో తియ్యి. ఎప్పుడో ఒకనాడు దీన్ని అమ్ముతావు. ఆనాడు ఆ పుస్తకం కొనేవాళ్ళ చేతిలో పెట్టు. రెండు మూడొందల డాలర్లు తగ్గితే తగ్గనీ.

సెప్టెంబరు దాటితే కొండలమీద మంచు మొదలవుతుంది. అంతలోగా మూల చెక్క పని ఒక్కటి ముగించు, మిగతావి నిదానంగా చూసుకుందాం. గలేబులు అత్తయ్య కుడతానంటోంది, కొలతలు పంపు. మొదటి ప్రయాణానికి నీళ్ళు నింపి, సామాన్లు సర్ది, మనుషులు ఎక్కాక దారిలో ట్రక్ స్టాప్ దగ్గర తూకం వేయించి, ఆ తూకం చీటీ ఫొటో నాకు పంపించు.

నీ మామయ్య