ధ్రువుడు కానరాని వేళ

గోదావరిఖనిలో రాత్రి షిఫ్టుకు పోవు కార్మికుడు గనిలోనికి దిగుటకు ముందు ఉత్తరముగా చూచినచో, క్షితిజమునకు సుమారు 19 డిగ్రీల ఎత్తున ధ్రువతార కానవచ్చును. విద్యుద్దీపముల వెలుగు అడ్డుపడకున్నప్పటి మాట యిది. ఊరి అక్షాంశ మెంతయో ధ్రువుని ఎత్తు దాదాపు అంత. హవాయి ద్వీపములలోను ఇంచుమించు ఇంతయే. అచ్చటివారు ఆ తారను 'కదలని చుక్క' అను అర్థము గల పేరుతో పిలుతురు.

1976లో హోకులేఅ అను తెరచాప నావ హవాయి నుండి తహితికి సుమారు 4,000 కిలోమీటర్లు సాగినది. దిక్సూచి లేదు. దారి చూపినవాడు సతవల్ ద్వీపవాసి మౌ పియాయిలుగ్. ఏ చుక్క ఎచ్చట ఉదయించునో, ఎచ్చట అస్తమించునో అతని బుద్ధిలో నుండెను. భూమధ్యరేఖను సమీపించుకొలది ధ్రువతార క్రుంగి క్రుంగి నీట మునుగును, తహితిలో కానరాదు.

శ్రీహరి అనుగ్రహించిన అచలపదము మునుగుట యెట్లు? మునిగినది ధ్రువుడు కాదు, అడ్డమైనది భూమి వంపు. ఈ సమాధానము సులభము. కానరానప్పుడు దారి తప్పకుండుట యెట్లన్నదియే కష్టము. నావికుడు తక్కిన తారలను, అలల పోకడను పట్టుకొనెను. ఆ తారలన్నియు తిరుగు ఇరుసునకు ఉత్తరపు కొన ధ్రువుడే కదా!

భాగవతమున బాలధ్రువుని హృదయములో మెరసిన రూపము చటుక్కున మరుగయ్యెను. కలతపడి కన్నులు తెరచెను. ఎదుట స్వామి నిలిచియుండెను.

గనిలో ఆకాశము లేదు. టోపీ దీపము పారినంత మేరయే లోకము. కార్మికుడు పైకి వచ్చువేళకు తెల్లవారి యుండును. ఇంటికి పోయి, స్నానమాడి, తిరునామము దిద్దుకొని దీపము వెలిగించును.